వార్షిక నివేదిక: ఈ ఏడాది యిడ్డిష్ పుస్తకాలతో గడిచింది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పాఠకుల సంఘం వేరే పనులు పెద్దగా పెట్టుకోలేదు. ఉగాది కవిసమ్మేళనం బాగానే జరిగింది, సమోసాలు చాలలేదన్న ఫిర్యాదు ఒక్కటే. మిగతా నెలలన్నీ యిడ్డిష్ పుస్తకాలను కాపాడినవాళ్ళ గురించి చదవడానికే పోయాయి. "తెలుగు సంఘానికి యిడ్డిష్ ఎందుకండీ?" అని కొందరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. మనం ఉండేది మసాచుసెట్స్‌లో, ఆ పుస్తకాలున్న ఆమ్‌హర్స్ట్‌కు కారులో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. అంతకంటే ముఖ్యం, మన బేస్‌మెంట్లలో పెట్టెల్లో ఉన్న తెలుగు పుస్తకాలను మన పిల్లల్లో చాలామంది చదవలేరు. ఈ బాధ మనకంటే ముందు పడ్డవాళ్ళు ఏం చేశారో చూద్దామనుకున్నాం.

కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. యిడ్డిష్ తూర్పు యూరప్ యూదుల ఇంటి భాష, రాసేది హీబ్రూ లిపిలో. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కోటిమందికి పైగా మాట్లాడేవారు. నాజీలు చంపిన యూదుల్లో అత్యధికుల భాష ఇదే. సోవియట్ యూనియన్‌లో మిగిలినవాళ్ళను స్టాలిన్ వదల్లేదు, 1952 ఆగస్టు 12న మాస్కోలో చంపేసిన 13 మందిలో పెరెట్స్ మార్కిష్, డేవిడ్ బెర్గెల్సన్ లాంటి పెద్ద రచయితలున్నారు. అమెరికాకు వచ్చినవాళ్ళు బతికారు గానీ వాళ్ళ పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయారు.

వేసవిలో ఆమ్‌హర్స్ట్‌లోని యిడ్డిష్ బుక్ సెంటర్‌కు వెళ్ళాం. దీన్ని 1980లో మొదలుపెట్టిన ఆరన్ లాన్‌స్కీ అప్పటికి ఇరవై నాలుగేళ్ళ పీజీ విద్యార్థి. చదువుకోవడానికి పుస్తకాలు దొరక్క వెతుకుతుంటే, పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ పిల్లలు, మనవలు వాటిని చెత్తలో పడేస్తున్నారని తెలిసింది. ప్రపంచం మొత్తమ్మీద మహా అయితే 70,000 మిగిలి ఉంటాయని అప్పటి పండితుల అంచనా. లాన్‌స్కీ, ఆయన తోటివాళ్ళు ఇంటింటికీ తిరిగి అడిగితే చివరికి పోగైనవి పది లక్షలు దాటాయి! పండితులు లైబ్రరీలను చూసి ఉంటారు, జనం ఇళ్ళలో అలమరాలు తెరిచి చూసి ఉండరు, అని నా అనుమానం. ఇచ్చేవాళ్ళు కూడా ఊరికే ఇచ్చి పంపేవారు కాదు. కూర్చోబెట్టి, కడుపు నిండా పెట్టి, ఏ పుస్తకం ఎక్కడ కొన్నారో ఎవరు చదివారో అంతా చెప్పి అప్పుడు చేతిలో పెట్టేవారు. అందుకే ముగ్గురేసి వెళ్ళేవారట, ఇద్దరు పెట్టెలు మోయడానికి, ఒకరు తినడానికి. ఆ మూడో ఉద్యోగానికి మన సంఘంలో అభ్యర్థులకు కొదవలేదు.

శీతాకాలంలో విల్నా గురించి చదివాం, అంటే ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్. అక్కడి యీవో అనే యిడ్డిష్ పరిశోధన సంస్థను 1925లో స్థాపించారు. నాజీలు వచ్చాక అక్కడి పుస్తకాల్లో కొన్నిటిని జర్మనీకి పంపడానికి, మిగతావి కాగితం మిల్లుకు తోలడానికి వేరుచేసే పని ఘెట్టోలోని, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలోని, యూదు మేధావుల చేతే చేయించారు. కవులు సుట్స్‌కెవర్, కచెర్గిన్‌స్కి, ఇంకొందరు కలిసి రాతప్రతులను బట్టల్లో దాచి ఘెట్టోలోకి తెచ్చేవారు. పొయ్యిలోకి చిత్తుకాగితాలు కావాలని సుట్స్‌కెవర్ జర్మన్ల దగ్గరే అనుమతి చీటీ రాయించుకుని, ఆ చీటీ చూపించి అరుదైన ప్రతులు బయటికి తెచ్చాడు. తిండి దొంగచాటుగా తెచ్చుకోవాల్సిన చోట కాగితాలేమిటని తోటివాళ్ళే కోప్పడ్డారు. యుద్ధం తర్వాత సోవియట్ ప్రభుత్వం వాటినీ నాశనం చేయబోతే, ఆంటానాస్ ఉల్పిస్ అనే లిథువేనియా లైబ్రేరియన్ ఒక పాత చర్చిలో దాచిపెట్టాడు, ఆయన యూదుడు కాదు. ఇంకో 170,000 పేజీలు దొరికాయని 2017లో ప్రకటించారు.

ఇక మన దగ్గర గొడవైన విషయం. ఇదంతా చదివిన ఉత్సాహంలో మనమూ మంచి స్కానర్ కొందామని చాలామంది పట్టుబట్టారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఆమ్‌హర్స్ట్ వాళ్ళు 11,000కు పైగా పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా నెట్‌లో పెట్టిన మాట నిజమే, కానీ దానితోపాటు కుర్రవాళ్ళకు యిడ్డిష్ నేర్పడానికి, అనువాదకులను తయారుచేయడానికి కూడా అంతే పట్టుదలగా ఖర్చుపెడుతున్నారు. మనకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు నెట్‌లో ఉండనే ఉన్నాయి. తెరిచేవాళ్ళేరీ? అందుకని వచ్చే ఏడాది డబ్బులో పెద్ద భాగం హైస్కూలు పిల్లల తెలుగు చదివే తరగతికి వెళ్తుంది. స్కానర్ కావాలనేవాళ్ళు సర్వసభ్య సమావేశానికి వచ్చి మళ్ళీ వాదించొచ్చు, నాకేం టెన్షన్ లేదు.

లెక్కలు కోశాధికారి విడిగా పంపుతారు. ఇంట్లో పాత పుస్తకాలున్నవాళ్ళు పేరు, రచయిత, అచ్చయిన ఏడాది రాసి జాబితా పంపండి. చిరిగిన పేజీలకు దయచేసి సెల్లోటేప్ అంటించకండి, కొన్నేళ్ళకు ఆ జిగురే కాగితాన్ని పాడుచేస్తుంది. పెట్టెలు బేస్‌మెంట్ నేలమీద కాకుండా ఎత్తులో, పొడిగా ఉన్నచోట పెట్టండి. మోయడానికి మనుషులు కావాలంటే చెప్పండి, ముగ్గురిని పంపుతాం.