గేట్ల మీద పనిచేసేవాళ్లకు శిక్షణ, ప్రమోషన్ ఇవ్వండి: జలవనరుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇరిగేషన్ మెకానికల్ విభాగంలో ఫిట్టర్‌గా చేరి వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. ఉండేది ప్రకాశం బ్యారేజీకి గుంటూరు వైపు గట్టున, సీతానగరంలో. గేట్ల దగ్గర పనిచేసే ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ఆపరేటర్ల గురించి ఈ ఉత్తరం. వాళ్లకు పని నేర్పే ఏర్పాటు లేదు, నేర్చుకున్నవాడు పైకి రావడానికి దారి లేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత నీరు రావడం అదే మొదటిసారి. 70 గేట్లూ ఎత్తేశారు. పడవలు కొట్టుకొచ్చి గుద్దుకోవడంతో 67, 69 గేట్ల కౌంటర్‌వెయిట్లు, అంటే గేటుకు సరితూకంగా ఉండే బరువు దిమ్మెలు, దెబ్బతిన్నాయి. పాడైన కాంక్రీటు దిమ్మెల స్థానంలో కొద్ది రోజుల్లోనే ఇనుపవి బిగించారు. అంతకు ముందు నెలలోనే తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైన్ తెగి కొట్టుకుపోతే, పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు స్థానంలో నీటికి అడ్డంగా ఒకదానిమీద ఒకటి దించే ఇనుప పలకలు) దించి డ్యామ్ ఖాళీ కాకుండా ఆపారు. రెండు చోట్లా దగ్గరుండి నడిపించింది గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారే. ఆయన రుణం మనం తీర్చుకోలేం. కానీ ఆ వయసులో ఉన్న పెద్దాయన్నే రెండుసార్లూ పిలిపించుకోవాల్సి వచ్చిందంటే, వెనక ఎవరినీ తయారు చేసుకోలేదనే కదా అర్థం?

ఇవి ఎప్పుడో ఒకసారి జరిగేవి కూడా కావు. 2021 ఆగస్టులో మనకు ఎగువనే ఉన్న పులిచింతల ప్రాజెక్టులో 16వ గేటు కొట్టుకుపోయింది. 2022 ఆగస్టులో గుండ్లకమ్మ రిజర్వాయరులో ఒక గేటు పోయింది, 2023 డిసెంబరులో అక్కడే మరొకటి. ప్రతిసారీ నిధుల గురించి మాట్లాడుకున్నాం. నిధులు కావాలి, కాదనను. కానీ గేటును రోజూ కళ్లతో చూసే మనిషికి ఏం చూడాలో తెలియకపోతే ఆ నిధులు పెయింటుకీ గ్రీజుకీ సరిపోతాయి.

ఏం చూడాలో ఒకటి రెండు చెబుతాను. గేటును లేపే ఇనుప తీగల తాడు, అదే వైర్ రోప్‌లో తీగ తెగితే దూరం నుంచి కనపడదు, పైన గ్రీజు కప్పేస్తుంది. రోప్ ఆపి ఉంచి, చేతికి గ్లౌజు వేసుకుని పాత నూలుగుడ్డ చుట్టి, నెమ్మదిగా దాని పొడవునా లాగాలి. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ తీగ తెగినట్టు. ఆ చోట గుర్తు పెట్టి, తెగినవి లెక్కపెట్టి, పుస్తకంలో రాయాలి. అలాగే గేటు లేపేటప్పుడు ఆపరేటర్ కన్ను ఆమీటర్ మీద ఉండాలి. కరెంటు రోజూ కంటే ఎక్కువ లాగుతుంటే గేటు ఒక పక్కకు ఒరిగి గాడిలో బిగుసుకుంటూ ఉండొచ్చు. వెంటనే ఆపాలి. ఆపకుండా ఇంకా లాగితే మోటారన్నా కాలుతుంది, రోప్ అన్నా తెగుతుంది. ఇవి నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు, మా మేస్త్రి చూపించారు. ఆయనకు ఇంకెవరో చూపించి ఉంటారు. ఇప్పుడు పాతవాళ్లు రిటైరైన చోట కొత్తవాళ్లు రావడం లేదు. వచ్చినా అవుట్‌సోర్సింగ్.

నేను దగ్గరుండి పని నేర్పిన ఒక కుర్రాడు ఉండేవాడు. ఐటీఐ చదివాడు. చీకట్లో కూడా గేర్‌బాక్స్ చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. ఏజెన్సీ జీతం, పదేళ్లు చేసినా అదే హోదా. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు ‘పర్మినెంటా?’ అని అడిగితే ఇంట్లోవాళ్లకు చెప్పడానికి మాట లేదు. ఇప్పుడు విజయవాడలో అపార్టుమెంట్ లిఫ్టులు బాగుచేస్తున్నాడు. వాణ్ని తప్పుపట్టలేను. అలాంటి చేయి మళ్లీ దొరకదు.

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం డ్యామ్‌ల దగ్గర అర్హులైన ఇంజనీర్లతో భద్రతా విభాగం ఉండాలంటోంది. మంచిదే. ఆ ఇంజనీరు కింద రోప్ పట్టుకునేవాడికి కూడా అర్హత ఉండాలి కదండీ. కేంద్రం ప్రభుత్వోద్యోగుల శిక్షణకని మిషన్ కర్మయోగి కింద పెట్టిన ఆన్‌లైన్ పాఠాలు ఆఫీసు పనికి పనికొస్తాయేమో గానీ, సెల్‌ఫోన్‌లో వీడియో చూసి స్టాప్‌లాగ్ దించడం ఎవరికీ రాదు. మన నీటిపారుదల సిబ్బందికి శిక్షణనిచ్చే వాలంతరీ హైదరాబాద్‌లో ఉండిపోయింది. అంత పెద్ద సంస్థ కట్టేదాకా ఆగక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గేట్ల సర్వీసింగ్ ఎలాగూ చేయాలి. ఆ రోజుల్లోనే బ్యారేజీ మీద, పులిచింతల మీద పని చేయిస్తూ నేర్పించండి. పాఠం తెలుగులో ఉండాలి. చివర్లో రాత పరీక్ష కాకుండా చేతి పని చూసి సర్టిఫికెట్ ఇవ్వండి.

ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉండాలంటే జీతంలో కనపడాలి. ఫిట్టర్ నుంచి సీనియర్ ఫిట్టర్, ఫోర్‌మన్, చదువుకున్నవాడైతే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దాకా వెళ్లేలా గేట్ల పనికి విడిగా ఒక కేడర్ పెట్టండి. అవుట్‌సోర్సింగ్‌లో ఉన్నవాళ్లకు కూడా శిక్షణను బట్టి గ్రేడు పెంచండి. ఇవన్నీ ఆర్థిక శాఖ దగ్గర ఆగిపోయే ఫైళ్లని తెలుసు. ఆ ఫైలు మీరే చేత్తో పట్టుకెళ్లాలని నా మనవి.

వచ్చే వేసవికి మొదటి బ్యాచ్ మొదలుపెట్టండి. నాలాగా రిటైరైనవాళ్లు విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. మోకాళ్ల నొప్పులున్నా మెట్లెక్కి చూపించగలం. డబ్బులేమీ అక్కర్లేదు, కబురు చేస్తే చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
సీతానగరం, గుంటూరు జిల్లా