రివ్యూ అయింది, డేటా ఎవరు చూశారు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏదైనా పరిశోధన సైన్స్ జర్నల్లో వచ్చిందంటే ఇంక తిరుగే లేదన్నట్టు మాట్లాడతారు చాలామంది. అసలు పీర్ రివ్యూ అంటే ఏంటండీ, ఆ సబ్జెక్టు తెలిసిన ఇద్దరు ముగ్గురికి జర్నల్ ఎడిటర్ ఆ పరిశోధన పేపర్ పంపుతాడు, వాళ్లు చాలావరకు పైసా తీసుకోకుండానే (పాపం సొంత పని మానుకుని) చదివి లోపాలు రాసిస్తారు, అంతేగానీ ప్రయోగం మళ్లీ చేసి చూడరు. 2020 మే 22న లాన్సెట్ అనే మెడికల్ జర్నల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ (అప్పట్లో కోవిడ్‌కి వాడి చూసిన మలేరియా మందు) ప్రమాదమంటూ పేపర్ వచ్చింది, 96 వేల మంది పేషెంట్ల డేటా అన్నారు, మూడు రోజులకే డబ్ల్యూహెచ్‌ఓ తన ట్రయల్లో ఆ మందు ఆపింది, తీరా చూస్తే ఆ డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ కంపెనీ బయటివాళ్లకి అసలు డేటా చూపించనే లేదు, జూన్ 4న పేపర్ వెనక్కి! రివ్యూ దండగ అనట్లేదు, కానీ రివ్యూ చేసేవాళ్లకి డేటా కూడా ఇవ్వాలి కదా?

ఇట్లు,
మీ పాఠకుడు