మీ కొత్త నర్సింగ్ కాలేజీ బిల్డింగ్ గురించి

ఒరేయ్,

కొత్త బిల్డింగ్ కమిటీలో నిన్ను వేశారని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. ఏళ్ల తరబడి వార్డుల్లో నిలబడ్డవాడివి, నీ మాట అక్కడ వినబడాలిరా. ప్లాన్ ఖరారు కాకముందే నా మనసులో ఉన్నదంతా రాసేస్తున్నా.

ముందు గాలి. రోగికి చలి తగలకుండా, గదిలో గాలి బయటి గాలంత శుభ్రంగా ఉండాలి. 1859లో మన నర్సింగ్‌కి దారి చూపిన ఫ్లోరెన్స్ నైటింగేల్ చెప్పిన మొదటి సూత్రమే ఇది. మనమేమో ఆ పాఠాన్ని తలుపులన్నీ బిగించిన ఏసీ గదిలో చెబుతాం! బయట కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 420) ఉంటే, కిక్కిరిసిన మూసిన క్లాసులో 1000 దాటడం మామూలే. పిల్లలు కునికిపాట్లు పడితే శ్రద్ధ లేదని తిడతాం. తెరుచుకునే కిటికీలు, బయటి గాలిని వడకట్టి లోపలికి తెచ్చే ఏర్పాటు, ప్రతి క్లాసులో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు, ఇవన్నీ కావాలని అడుగు. ఇందులో మాత్రం అస్సలు తగ్గకు.

ఇక నన్ను బాగా బాధపెట్టేది సిమ్యులేషన్ ల్యాబ్, అదే, రోగి బదులు బొమ్మల మీద ప్రాక్టీసు చేసే గది. బొమ్మలకు వెలుతురెందుకని దాన్ని బిల్డింగ్ నడిమధ్యలోనో, సెల్లార్‌లోనో పెట్టేస్తారు. ల్యాబ్ సంగతి సరే, దాని పక్కన డీబ్రీఫింగ్ గది, అంటే ప్రాక్టీసు అయ్యాక కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే గది ఉంటుందే, అది ముఖ్యం. ఛాతీ నొక్కి ఎంత సీపీఆర్ చేసినా 'పేషెంట్' దక్కకపోతే, అది బొమ్మే అని తెలిసినా చేతులు వణుకుతాయి, కొందరు ఏడ్చేస్తారు. అలాంటి పిల్లల్ని కిటికీ లేని గదిలో ట్యూబ్‌లైట్ కింద కూర్చోబెట్టి తప్పులు లెక్కపెట్టడం నాకు నచ్చదు. 1984లో రోజర్ ఉల్‌రిచ్ పరిశోధన చదువుకున్నాం కదా, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్ల కన్నా త్వరగా ఇంటికెళ్లారని, గట్టి నొప్పి మందులు కూడా తక్కువే పట్టాయని. రోగికి పనికొచ్చిన చెట్టు, రేపు ఆ రోగిని చూసుకోబోయే పిల్లకి పనికిరాదా?

ఖర్చంటారు, తెలుసు. ముందువైపు నిలువెత్తు అద్దాలు మానేయమను. ఎండంతా లోపలికొచ్చి, దాన్ని చల్లబరచడానికి మళ్లీ కరెంటు కాల్చడమే కదా. ఆ డబ్బు కిటికీల మీద నీడకి, వాననీటి ట్యాంకులకి పెట్టొచ్చు. హ్యూస్టన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయం 2004లో కట్టిన నర్సింగ్ స్కూల్లో వాననీళ్లు పట్టి టాయిలెట్లకి, మొక్కలకి వాడేలా కట్టారు. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ వస్తే సంతోషమే, కానీ దానికోసం మాత్రమే కట్టొద్దు.

ఘాటు వాసన లేని పెయింట్లు, లిఫ్ట్ కంటే ముందు కంటబడే మెట్లు, ఇవీ రాయించు. నైట్ డ్యూటీ చేసి నేరుగా క్లాసుకొచ్చేవాళ్లు కాసేపు నడుం వాల్చడానికి ఒక నిశ్శబ్దమైన గది తప్పనిసరి. దాన్ని స్టోర్‌రూమ్ చేస్తామంటే ఒప్పుకోకురా, పోట్లాడు.

డ్రాయింగులు రాగానే ఒక కాపీ పంపు. డీబ్రీఫింగ్ గది ఎక్కడ పెట్టారో ముందు అదే చూస్తా.

నీ నేస్తం