ఆదివారం పేజీలో అష్టాచెమ్మా గడులు వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న వానకి మా వీధిలో రెండు గంటలు కరెంటు లేదు, వైఫై కూడా పోయింది, పిల్లలు గోల మొదలెట్టేసరికి మా అత్తయ్య గారు గచ్చు మీద సుద్దముక్కతో ఐదు బై ఐదు గడులు గీసి అష్టాచెమ్మా ఆడదాం రండర్రా అన్నారు. గవ్వలెక్కడివి మా ఇంట్లో? నాలుగు చింతపిక్కలు తీసి ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చుకేసి అరగదీశారు, అన్నీ తెల్లగా పడితే చెమ్మా అంటే నాలుగు, అన్నీ నల్లగా పడితే అష్టా అంటే ఎనిమిది, ఏది పడినా ఇంకో పందెం వెయ్యొచ్చు. అవతలివాళ్ళ కాయని ఒక్కటైనా చంపకపోతే లోపలి గడుల్లోకి వెళ్ళనివ్వరు, దాంతో మా ఆరో క్లాసు వాడు నానమ్మ కాయ మీదే పగబట్టి కూర్చున్నాడు! ఆవిడ తక్కువ తిన్నారా, చూడనట్టు చూసి వాడి కాయని చంపేశారు. కరెంటొచ్చాక కూడా ఎవరూ లేవలేదు, మా ఆయన తప్ప (ఆయనకి క్రికెట్ మ్యాచ్ ఉందట).

ఇప్పుడు వామనగుంటలు కావాలంటున్నారు, పద్నాలుగు గుంటల చెక్కపీట కోసం షాపుల్లో తిరిగితే దొరకలేదు, చివరికి కోడిగుడ్ల అట్టలు కత్తిరించి సరిపెట్టాం. మీ ఆదివారం పుస్తకంలో సినిమా ఫొటోలకి రెండు పేజీలిస్తున్నారు కదా, అందులో ఒక పేజీలో వారానికో ఆట, గడులతో రూల్సుతో సహా వెయ్యండి సార్. పులీ మేక నుంచి మొదలెట్టండి, అది మా అత్తయ్య గారికి కూడా సగమే గుర్తుంది.

ఒక పాఠకురాలు, తెనాలి