ఆరోసారి రాస్తున్నానండి, ఈసారైనా మనిషెవరైనా చదవండి

కస్టమర్ కేర్ గారికి, అలాంటి వారు నిజంగా ఉంటే,

నమస్కారమండి. మాది అమలాపురం. జనవరి 17న మీకు మొదటి కంప్లైంట్ పెట్టాను, ఇవాళ మార్చి 11, అంటే 53 రోజులు. ఈలోగా మీ నుంచి నాకు దక్కినవి మూడు టికెట్ నంబర్లు, "మీ సహనానికి ధన్యవాదాలు" అని తొమ్మిది మెసేజ్‌లు, మా సర్వీసుకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఒక లింకు. ఆ లింకు కూడా ఓపెన్ అవ్వలేదు లెండి.

విషయం చిన్నది. మీ వైర్‌లెస్ కంట్రోలర్‌లో బటన్ నొక్కాక గేమ్‌లో మనిషి కదలడానికి లేటవుతోంది. సంక్రాంతికి మా మేనమామ కొడుకు వస్తే ఫుట్‌బాల్ గేమ్ పెట్టాం, భోగి రాత్రి నుంచి కనుమ దాకా నేను ఒక్క మ్యాచ్ గెలవలేదు, నేను షాట్ నొక్కేసరికి బంతి వాడి కాళ్ళ దగ్గరుంటోంది, కంట్రోలర్ లేటండీ అంటే మా మావయ్య అందరి ముందూ "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు, అది ఇప్పటికీ ఇంట్లో నడుస్తోంది. ముక్కనుమ నాడు అదే కంట్రోలర్‌కి వైరు గుచ్చి ఆడితే వరసగా మూడు మ్యాచ్‌లు కొట్టాను. అదే టీవీ, అదే గేమ్, అదే నేను.

ఇక మీ కథ మొదలెడతాను.

ఫోన్ చేస్తే తెలుగు కోసం 4 నొక్కమంది, నొక్కాను, 22 నిమిషాలు పాట విన్నాను, ఎత్తినమ్మాయి హిందీలో మాట్లాడింది. సరే వచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. టీవీలో గేమ్ మోడ్ (టీవీ వైపు లేటు తగ్గించే సెట్టింగు లెండి) ఆన్ చెయ్యండి సార్ అంది. అమ్మా అది కొన్నరోజే చేశాను, టీవీ వల్లే లేటైతే వైరు పెట్టినప్పుడు కూడా లేటవ్వాలి కదా అంటే, ఓకే సార్ గేమ్ మోడ్ ఆన్ చేసి మళ్ళీ కాల్ చెయ్యండి అని పెట్టేసింది. పెట్టేసిన నిమిషంలోనే మీ సమస్య పరిష్కారమైంది అని మెసేజ్.

రెండోసారి ఒకాయన, పాపం మంచాడే, బ్లూటూత్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్‌లో కొట్టుకుంటాయి సార్, చుట్టుపక్కల ఉన్నవి ఆపి చూడండి అన్నాడు. అందులో నిజం ఉంది కాబట్టి నేను కాదనలేదు. రౌటర్ తీసుకెళ్ళి వంటింట్లో పెట్టాను, మా నాన్న స్పీకర్ ఆపేశాను, ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ లేటు అలాగే ఉంది. అది చెబుదామని ఫోన్ చేస్తే ఇంకో ఆయన మళ్ళీ మొదట్నుంచి పేరు, ఊరు, బిల్లు నంబరు, "టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందా సార్?"

మూడో ఆయన మాత్రం ఒక అడుగు ముందుకేసి, వైర్‌లెస్ అంటే అంతే కదా సార్, వైరు పెట్టుకుని ఆడండి అన్నాడు. బాబూ, మా మావయ్య కొడుకుది కూడా వైర్‌లెస్సే, ఇదే టీవీకి పెట్టాడు, మంచి వైర్‌లెస్‌కీ వైరుకీ తేడా మామూలు చేతికి తెలియనే తెలియదు. పైగా మీరు డబ్బాలో ఇచ్చిన వైరు ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరాదు, అందులో డేటా తీగల్లేవు, అది పెట్టినా కంట్రోలర్ గాల్లోంచే మాట్లాడుతోంది, నేను గెలిచింది నా ఫోన్ కేబుల్‌తో. ఈ సంగతి మీ ఆయనకి నేను చెప్పాల్సొచ్చింది. "నోట్ చేసుకున్నాను సార్" అన్నాడు. ఎక్కడ నోట్ చేసుకున్నాడో మరి.

ప్రూఫ్ పంపమన్నారు. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి, బొటనవేలూ స్క్రీనూ రెండూ కనబడేలా తీసి, ఒక్కో ఫ్రేమూ వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. బటన్ నొక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ మీద మనిషి కదిలేదాకా వైరుతో 14 ఫ్రేములు, వైరు లేకుండా 34. తేడా 20, అంటే సుమారు 83 మిల్లీసెకన్లు, సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో ఐదు ఫ్రేములు పోయినట్టే. మా చెల్లి నీకు పెళ్ళెందుకవ్వట్లేదో ఇప్పుడర్థమైంది అంది. వీడియో 70 ఎంబీ వచ్చింది, మీ పేజీలో 5 ఎంబీ దాటితే ఎక్కదు. మెయిల్‌కి పంపితే ఈ మెయిల్ బాక్సు ఎవరూ చూడరు అని జవాబొచ్చింది, కనీసం అది నిజం చెప్పింది. మీరడిగిన వివరాలు 24 గంటల్లో ఇవ్వనందున టికెట్ మూసేస్తున్నాం అని రాత్రి 2 గంటలకి ఇంకో మెసేజ్.

పికప్ సంగతి చెప్పకపోతే పాపం తగుల్తుంది. మీ పిన్‌కోడ్‌కి పికప్ లేదన్నారు. అదే పిన్‌కోడ్‌కి డబ్బులు కట్టించుకుని మూడ్రోజుల్లో డెలివరీ ఎలా ఇచ్చారండీ, తెచ్చే బండికి వెనక్కెళ్ళడం రాదా? తర్వాత జిల్లా తేడా ఉంది అన్నారు. బిల్లులో తూర్పు గోదావరి అని పడింది, నేను కోనసీమ అని చెప్పాను. జిల్లాలు 2022 ఏప్రిల్‌లో మారాయమ్మా అంటే, మా సిస్టంలో మారలేదు సార్ అంది. సరే, నన్ను తూర్పు గోదావరిలోనే ఉంచండి, కంట్రోలర్ తీసుకెళ్ళండి అన్నాను. తీసుకెళ్ళలేదు.

చివరికి రాజమండ్రిలో కలెక్షన్ సెంటర్ ఉంది, స్వయంగా ఇవ్వండి అన్నారు. సెలవు పెట్టి, రావులపాలెం మీదుగా బస్సులో నిలబడి, మీరిచ్చిన అడ్రస్‌కి వెళ్తే అది ఫోన్ కవర్ల కొట్టు. ఆ కొట్టాయన "మీరు ఈ నెల్లో నాలుగో వారండి, ముందు కూర్చోండి" అని మజ్జిగ తెప్పించాడు. వాళ్ళ కాంట్రాక్టు అయిపోయి ఏడాదైందట, మీకు చెప్పీ చెప్పీ ఆయన కూడా మానేశాడట. 53 రోజుల్లో నేను చెప్పింది పూర్తిగా విన్నది ఆయనొక్కడే, ఆయన మీ కంపెనీ మనిషి కాదు.

మా ఇంట్లో మొదటి మౌసు మీదేనండి. మా బాబాయి ఇంటర్నెట్ సెంటర్ పెట్టినప్పుడు ఎనిమిది కీబోర్డులూ మీవే కొనిపించింది నేను. ఈ కంట్రోలర్ 4,299 పెట్టి కొనేటప్పుడు కూడా మావాడు వేరేది తీసుకోరా అంటే మీ పేరు చెప్పి వాడితో గొడవపడ్డాను. వాడి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోమంటారు?

నాకేం కావాలి అంటారా, జనవరిలో వేరే పీసు ఇస్తే చాలనుకున్నాను, ఫిబ్రవరిలో డబ్బులు వెనక్కిస్తే చాలనుకున్నాను, ఇప్పుడు ఆ బస్సు ఛార్జీ, పోయిన సెలవు, నాన్న అలక అన్నీ కలిపి ఎంతిస్తారో మీరే చెప్పండి. కంట్రోలర్‌కైనా వైరు గుచ్చితే పలుకుతోంది, మీకు ఎక్కడ గుచ్చాలో ఆ చోటు చూపించండి. కోటిపల్లి–నరసాపురం రైలు కోసం ఎదురుచూస్తున్న వాళ్ళం, ఓపికకి మాకు కొదవ లేదు, కానీ రైలుకి నేను ముందే డబ్బులు కట్టలేదు. వారంలో ఫోన్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఆ వీడియో, మీ మెసేజ్‌లు, కవర్ల కొట్టు ఫోటో అన్నీ దాచాను, అక్కడ 5 ఎంబీ అనరు కదా.

ఇట్లు,
మీ పాత కస్టమర్, అమలాపురం
(జిల్లా మీ సిస్టంలో ఏదుంటే అది వేసుకోండి)

తా.క.: ఫోన్ చేసేవాళ్ళు దయచేసి గేమ్ మోడ్ గురించి అడగొద్దు. ఆన్‌లోనే ఉంది.