కొత్త చెవి కబుర్లు

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సూరిబాబూ,

నీ ఉత్తరం అందింది. "ఆపరేషన్ అయిపోయింది కదా, ఇక ఫోన్ చెయ్యనా?" అని అడిగావు. చెయ్యకు. ఇంకొన్నాళ్లు ఉత్తరాలే. ఫోన్‌లో నువ్వు గబగబా మాట్లాడతావు, నేను "ఆ, ఆ" అని ఊకొడతాను. బాగా మాట్లాడుకున్నామనుకుని ఇద్దరం పెట్టేస్తాం. తీరా చూస్తే నువ్వు మీ అమ్మాయి సంబంధం సంగతి చెప్పి ఉంటావు, నేను వర్షాల గురించి జవాబు చెప్పి ఉంటాను. కొన్నేళ్లుగా మన ఫోన్లు అలాగే కదా ఏడుస్తున్నాయి. అందుకని అంతా వివరంగా రాస్తున్నా. టీ పెట్టించుకుని కూర్చో.

చెవి మిషన్ వల్ల నాకు లాభం లేకుండా పోయిందని నీకు తెలుసు. మిషన్ చేసేది శబ్దాన్ని పెంచడం. లోపలి చెవిలో కాక్లియా అనే భాగం ఉంది, అందులో శబ్దాన్ని పట్టుకునే రోమ కణాలు చచ్చిపోయాక ఎంత పెంచి ఏం లాభం? అరుపు వినపడుతుంది, మాట మాత్రం తెలియదు. ఇప్పుడు ఆపరేషన్ చేసి పెట్టిన ఈ కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాల జోలికి పోదు. వాటిని దాటేసి సన్నటి తీగతో వినికిడి నరానికే కరెంటు అందిస్తుంది. కాకపోతే ఆ నరం బాగుండాలి. అందుకే ముందుగా సీటీ, ఎమ్మారై అన్నీ తీశారు. న్యుమోకాకల్ టీకా కూడా వేయించుకుని రమ్మన్నారు. చెవికీ టీకాకీ ఏం సంబంధమండీ అంటే, లోపలి చెవికీ మెదడు పొరలకీ దూరం తక్కువ, ఇన్‌ఫెక్షన్ అటు పాకితే మెనింజైటిస్ వచ్చే ప్రమాదం ఉంది, ముందు జాగ్రత్త అన్నారు. మన చిన్నప్పుడు చెవిలో చీము కారితే ఇంత గోరువెచ్చటి నూనె పోసి ఆటకి తోలేసేవాళ్లు. తల్చుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తోంది.

హైదరాబాద్‌లో ఆస్పత్రిలో చేరాక నాకొచ్చిన అసలు కష్టం నొప్పి కాదురా, మాస్కులు. ఇన్నాళ్లూ నేను నెట్టుకొచ్చింది ఎదుటివాళ్ల పెదాలు చూసే. అక్కడ అందరి మూతులకీ గుడ్డలే. నర్సమ్మ వచ్చి ఏదో అడుగుతుంది, నేను మీ చెల్లెలి వైపు చూస్తాను, ఆవిడ కాగితం మీద రాస్తుంది: "ఏ మందైనా పడదా అంటున్నారు". చెవులు వినపడనివాళ్లకి ఆపరేషన్లు చేసే వార్డులోనే ఈ అవస్థ! అడగ్గా అడగ్గా పిల్లలు రాసుకునే పలక ఒకటి తెచ్చి మంచానికి కట్టారు. మత్తు డాక్టరు గారు మాత్రం మంచి మనిషి. ముందు రోజు సాయంత్రం నా పక్కన కూర్చుని, మాస్కు దించి, నెమ్మదిగా చెప్పారు: "థియేటర్‌లో మీకు మిషనూ ఉండదు, కళ్లజోడూ ఉండదు. మీ చెయ్యి రెండుసార్లు నొక్కానంటే ఆపరేషన్ అయిపోయిందని. కళ్లు తెరవండి." ఆ రెండు ముక్కలతో నా టెన్షన్ సగం దిగిపోయింది.

ఆపరేషన్ రెండు మూడు గంటల పని. చెవి వెనక కోత పెట్టి, అక్కడి ఎముకని డ్రిల్లుతో తొలిచి, నడిమి చెవిలోకి దారి చేస్తారు. ముఖం కండరాలని కదిలించే నరం ఆ దారి పక్కనే పోతుంది. దానికి దెబ్బ తగలకుండా ఒక మానిటర్ పెట్టి కనిపెట్టుకుని ఉంటారు. తర్వాత కాక్లియాలోకి తీగ దూర్చి, అయస్కాంతం ఉన్న గుండ్రటి బిళ్లని చర్మం కింద ఎముకకి ఆనించి కుట్లేస్తారు. అందుకే మెలకువ రాగానే నా ముఖానికి పరీక్ష పెట్టారు. డాక్టరు గారు పలక మీద "పళ్లు చూపించండి" అని రాసి పట్టుకున్నారు, చూపించాను. తర్వాత "కళ్లు గట్టిగా మూయండి" అని రాశారు. మూశాను. మూశాక తర్వాతి మాట ఎలా చదవాలిరా? వాళ్లు ఏం రాశారో ఏమో, నేను మాత్రం బుద్ధిగా కళ్లు మూసుకునే పడుకున్నా. చివరికి మళ్లీ చెయ్యి నొక్కాల్సి వచ్చింది.

నొప్పి భరించగలిగినంతే. తల తిప్పితే మాత్రం గది మొత్తం తిరిగేది. మంచం దిగి బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే మీ చెల్లెలి భుజం, గోడ రెండూ కావాలి. వాటికన్నా విసుగు పుట్టించింది కళ్లజోడు. తల చుట్టూ ఇంత లావు కట్టు కట్టేసరికి కుడివైపు కాడ చెవి మీద ఆనదు. జోడు లేకపోతే పెదాలూ కనపడవు, పలకా కనపడదు. మీ చెల్లెలు స్క్రూడ్రైవర్ కోసం ఊరంతా వెతికి, కాంటీన్ కుర్రాడి దగ్గర సంపాదించి, కుడి కాడ ఊడదీసేసింది. ఆ పక్క దారం కట్టి, దాన్ని కట్టులో దోపింది. నా అవతారం చూసి పక్క మంచం ఆయన నవ్వలేక చచ్చాడు, ఆయనకీ కుట్లున్నాయి పాపం.

ఇక చుట్టాలు. మా మేనమామ మియాపూర్ నుంచి పళ్లు పట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే నా కట్టు మీదికి వంగి, వార్డు అదిరిపోయేలా "అల్లుడూ, ఇప్పుడు వినపడుతోందా?" అని అరిచాడట. నాకేం తెలుసు, మీ చెల్లెలు తర్వాత చెప్పింది. వచ్చినవాళ్లందరిదీ అదే ప్రశ్న. కట్టు విప్పితే వినపడిపోతుందని వాళ్ల నమ్మకం. నిజానికి ఆపరేషన్‌లో పెట్టింది లోపలి సామాను మాత్రమే. గాయం మానాక, మూడు వారాలకో నాలుగు వారాలకో, శబ్దాన్ని పట్టి లోపలికి పంపే ప్రాసెసర్ బయట తగిలించి ఆన్ చేస్తే గానీ అది పనిచేయదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నాక కూడా "అయితే ఇప్పుడు వినపడదన్నమాట!" అని నిట్టూర్చేవాళ్లు. నేనే వాళ్లని ఓదార్చాల్సి వచ్చేది.

మంచం మీద ఉన్నన్నాళ్లూ ఈ ఇంప్లాంట్ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. గ్రేమ్ క్లార్క్ అని ఆస్ట్రేలియా డాక్టరు. వాళ్ల నాన్నకి మందుల షాపు, ఆయనకి చెవులు సరిగా వినపడేవి కావు. కొట్లో నాన్న పడే ఇబ్బంది చూస్తూ పెరిగాడు ఈయన. పెద్దయ్యాక ఎన్నో ఎలక్ట్రోడ్లు, అంటే నరానికి కరెంటు అందించే బిందువులు, ఉన్న తీగ తయారు చేయాలనుకున్నాడు. కానీ కాక్లియా నత్తగుల్ల ఆకారం కదా, మెలికలు తిరిగిన ఆ సందులోకి తీగ దెబ్బతినకుండా, దెబ్బతీయకుండా ఎలా వెళ్లాలి? 1977లో సెలవులకి సముద్రం ఒడ్డుకి వెళ్లినప్పుడు అక్కడ దొరికిన గుల్లలోకి గడ్డిపోచలు దూర్చి చూశాడట. మొన మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పోచ మెలికల వెంట సాఫీగా లోపలికి పోయింది. అలాంటి తీగే చేయించాడు. 1978లో మెల్‌బోర్న్‌లో రాడ్ సాండర్స్ అనే ఆయనకి పెట్టాడు. కారు ప్రమాదంలో వినికిడి పోయిన మనిషి ఆయన. పరీక్షలో భాగంగా వాళ్ల జాతీయ గీతం వినిపిస్తే, వైర్లు తగిలించి ఉన్నాయని కూడా చూసుకోకుండా టక్కున లేచి నిలబడ్డాడట! అది చదివి నాకు నవ్వూ వచ్చింది, కళ్లమ్మట నీళ్లూ వచ్చాయి.

ఇన్సూరెన్స్ కంపెనీ గొడవ చెప్పనక్కర్లేదు. లోపల పెట్టింది ఒప్పుకుంటాం, బయట పెట్టుకునేది ఒప్పుకోం అంటారు. రెండోది లేకపోతే మొదటిది దేనికని అడుగుతూ మావాడు మెయిళ్లు రాస్తూనే ఉన్నాడు. తేలాక చెబుతా.

ఇంటికొచ్చాక బోలెడు ఆంక్షలు. ముక్కు చీదకూడదు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి, బరువులెత్తకూడదు, డాక్టరు చెప్పేదాకా తలంటు మాటెత్తకూడదు. కొత్తల్లో నోటికి రుచి కూడా పోయింది. నాలుకకి రుచి తెలిపే నరం ఒకటి నడిమి చెవిలోంచే వెళుతుందట, ఆపరేషన్‌లో దాన్ని కదిలిస్తారు. నాలుక కుడి పక్కంతా ఇనప రుచి. పొద్దున్నే మొదటి గుక్క కాఫీ నోట్లో పోసుకుని, పాలు విరిగాయని మీ చెల్లెలి మీద ఎగిరాను. ఆవిడ అదే గ్లాసు తీసుకుని నా ఎదురుగా తాగేసి ఊరుకుంది. గోంగూర పచ్చడి ఒక్కటే కాస్త నోటికి తగిలేది. ఇప్పుడు చాలావరకు సర్దుకుంది.

ఆన్ చేయడానికి ముందు గడిపిన ఆ రోజులు కష్టంరా. ఆపరేషన్ చేసిన చెవిలో మిగిలిన ఆ కాస్త వినికిడి పోవచ్చని ముందే చెప్పారు, పోయింది కూడా. దానికి తోడు రాత్రిళ్లు లోపల ఒకటే హోరు. ఉన్నది చేతులారా పోగొట్టుకున్నానా అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, నీతోనే అంటున్నా. ఆపరేషన్ కన్నా ఈ ఎదురుచూపే ఎక్కువ ధైర్యం అడిగింది. ఆస్పత్రిలోనైతే చుట్టూ పదిమంది ఉంటారు. ఇక్కడ నువ్వూ, నీ చెవీ.

ప్రాసెసర్ ఆన్ చేసే రోజు మావాడు వీడియో తీస్తానని ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ అమ్మాయి ప్రాసెసర్‌ని లాప్‌టాప్‌కి కలిపి, ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ కొంచెం కొంచెం కరెంటు పెంచుతూ, వినపడగానే చెయ్యెత్తమంది. అన్నీ "టింగ్, టింగ్"లే. ఎక్కడ వినపడుతోంది, ఎక్కడ హాయిగా ఉంది, ఎక్కడ ఇబ్బందిగా ఉంది అని లెక్క కట్టి ఒక మ్యాప్ తయారు చేసింది. "ఇప్పుడు మాట్లాడండమ్మా" అని మీ చెల్లెలికి చెప్పింది. ఆవిడ "ఏమండీ, వినపడుతోందా?" అంది. స్టేషన్ సరిగా కలవని రేడియోలో ఎవరో కీచుగా మాట్లాడుతున్నట్టుంది. ఆడో మగో తెలియలేదు. ఆవిడ ముఖంలోకి చూసి నవ్వాను గానీ, గుండె జారిపోయింది. మావాడు ఏడుపొచ్చే సీన్ కోసం చూస్తున్నాడు. నేను "ఫ్యాన్ ఆపండి, భరించలేను" అన్నాను. వీడియోలో ఉన్నది ఆ ముక్కే.

అలా ఉండడానికి కారణం ఆ అమ్మాయే చెప్పింది. మామూలు చెవిలో శబ్దాన్ని నరానికి అందించే లోపలి వరస రోమ కణాలే 3,500 దాకా ఉంటాయట. నాకున్నవి 22 ఎలక్ట్రోడ్లు. అంతటి పని ఈ కాసిన్నింటితో జరగాలంటే మెదడు కూర్చుని కొత్తగా నేర్చుకోవాలి. మరి నేర్చుకుంటోందిరా అది! రెండు మూడు మ్యాపింగ్‌లు అయ్యేసరికి మీ చెల్లెలి గొంతు మళ్లీ ఆడగొంతు అయింది. పాతదా అంటే కాదు, కానీ ఆవిడదే.

అక్కడే ఒక బుడ్డోణ్ణి చూశాను, రెండేళ్లుంటాయేమో. పుట్టు చెవుడు. ఆరోగ్యశ్రీలో చేశారట. వాడికి ఆన్ చేయగానే ఒక్కసారి బొమ్మ వదిలేసి, కళ్లు పెద్దవి చేసి, గుక్కపట్టి ఏడ్చాడు. వాళ్లమ్మ భయపడిపోయింది. "ఏడిచాడంటే వినపడినట్టేనమ్మా" అంది ఆ అమ్మాయి. నాకైతే శబ్దం అంటే ఏమిటో గుర్తుంది, దాన్ని పట్టుకుని పాకుతున్నా. వాడు సున్నా నుంచి మొదలుపెట్టాలి. అయినా చిన్న వయసులో పెట్టించారు కనుక వాడే నన్ను దాటిపోతాడు. అందులో అనుమానం లేదు.

ఇప్పుడు రోజూ నాకు ఇంట్లో ట్యూషన్. మీ చెల్లెలు నోటికి కాగితం అడ్డం పెట్టుకుని "ఆ, ఊ, ఈ, ష్, స్, మ్" అంటుంది, నేను తిరిగి అనాలి. వినికిడి పరీక్షకి అవి ఆరూ చాలట, సన్నటి శబ్దం నుంచి బొంగురు శబ్దం దాకా అన్నీ వాటిలో వచ్చేస్తాయి. "స్" ఎన్నేళ్ల తర్వాత విన్నానో! "ఊ"కీ "మ్"కీ మాత్రం తేడా తెలియక తిట్లు తింటున్నా. నిన్న భోజనాల దగ్గర "పప్పు వెయ్యనా" అంటే "ఉప్పు" అని వినపడి వద్దన్నాను. ఉత్త మజ్జిగన్నంతో లేచాను. ఫ్రిజ్ మోత, బైక్ ఇండికేటర్ టిక్కుటిక్కు, బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు, అన్నీ మీదపడుతున్నాయి. ప్యాకెట్లు ఇంత గోల చేస్తాయని ఒక్కడూ చెప్పలేదేంట్రా నాకు? రాత్రికి ప్రాసెసర్ తీసి తేమ పట్టకుండా డబ్బాలో పెట్టేస్తే మళ్లీ నిశ్శబ్దం. నిజం చెప్పొద్దూ, ఆ సుఖం మీకెవరికీ లేదు.

సంగీతం మాత్రం ఇంకా అందలేదు. మృదంగం దెబ్బ తెలుస్తుంది, తాళం వేయగలను. వయొలిన్ దగ్గరికొచ్చేసరికి స్వరాలన్నీ ఒకేచోట కుప్పపడతాయి. ఈ యంత్రానికి లయ చేతనైనంతగా శ్రుతి చేతకాదట. అది కాస్త బాధే.

సరే, ఇప్పుడు నీతో పని. వాట్సాప్‌లో రోజుకొకటి నీ గొంతు రికార్డ్ చేసి పంపు. పేపర్లో ఏదో ఒక వార్త, ఐదారు వాక్యాలు చాలు. దాని ఫొటో విడిగా పంపు, ముందు విని తర్వాత చూసి సరిచూసుకుంటాను. ఫ్యాన్ ఆపేసి, తలుపులేసుకుని, మామూలుగా చదువు. అరవకు, అరిస్తే మాట ఇంకా చెడుతుంది. మధ్యలో పద్యం ఎత్తుకుని రాగం తీశావంటే మాత్రం నాకు ఒక్క ముక్క అర్థం కాదు, ముందే చెబుతున్నా. అమ్మాయి పెళ్లికి తప్పకుండా వస్తాం. మాకు కుర్చీలు స్పీకర్లకి దూరంగా వేయించు. లగ్నపత్రిక అచ్చయ్యాక పంపు, ముహూర్తం ఫోన్‌లో చెప్పకు.

మా చెల్లెమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ,
రాంబాబు