రెండు చేతుల పనిని ఒక్కో చెయ్యి చూసి తేల్చకండి: మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన దివ్యాంగుల సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. వైకల్య శాతం తేల్చే సదరం శిబిరాల్లో చేతుల పనిని పరీక్షించే తీరుపై ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులు వచ్చాయి గానీ జవాబు రాలేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాం.

కొబ్బరిచెట్టు మీంచి పడ్డ దింపు కార్మికులు, రోడ్డు ప్రమాదాల్లో మెడ విరిగిన కుర్రాళ్లు మన గోదావరి జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. వెన్నుపాము మెడ దగ్గర దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయిన వీళ్లు సదరం శిబిరానికి వస్తే కుడి చెయ్యి ఎత్తమంటారు, పిడికిలి బిగించమంటారు, ఎడమ చేతికీ అదే. వైకల్య శాతం లెక్కించే మార్గదర్శకాల్లో బొత్తాలు పెట్టుకోవడం, నాడా ముడెయ్యడం వంటి 10 పనులున్నాయి, ఒక్కోదానికి 9 శాతం. వాటిని చేయించి చూడకుండా "చెయ్యగలవా?" అని నోటితో అడిగి రాసేసుకుంటున్నారు. సీసా మూత తియ్యాలన్నా, ట్యాబ్లెట్ షీటు చించాలన్నా, మూత్రానికి గొట్టం పెట్టుకోవాలన్నా ఒక చెయ్యి పట్టుకోవాలి, రెండోది పని చెయ్యాలి. ఆ జోడీని ఎవరూ చూడటం లేదయ్యా.

అసలు తప్పు కుర్చీ దగ్గరే మొదలవుతోంది. వీళ్లకు నడుం నిలబడదు. చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడితే పడిపోకుండా ఒక చెయ్యి కుర్చీకి తగిలించి ఆనుకుంటారు. ఇక మిగిలింది ఒక్క చెయ్యే. అదే మనిషిని సొంత చక్రాల కుర్చీలో ఛాతీకి బెల్టు కట్టి, మోచేతి ఎత్తులో బల్ల పెట్టి కూర్చోబెట్టండి, రెండో చెయ్యి ఖాళీ అవుతుంది. ఫలితమే మారిపోతుంది.

తరవాత పట్టు. సీ6 స్థాయి (మెడలో ఆరో నరం) వరకు నరాలు పనిచేసేవాళ్లు వేళ్లు ముడవలేరు. కానీ మణికట్టు పైకి లేపితే వేళ్లు వాటంతటవే ముడుచుకుని వస్తువును పట్టుకుంటాయి. మణికట్టును బల్లకు అదిమిపెట్టి వేళ్లు ముడవమంటే ఆ పట్టు కనపడదు, సున్నా రాస్తారు. పైగా మణికట్టు పైకి వంచి వేళ్లను బలవంతంగా చాపే మర్దనల వల్ల వేళ్లు సాగిపోయి ఉన్న పట్టు కూడా పోతోంది. మణికట్టు కిందికి వంచి ఉంచి మాత్రమే వేళ్లు చాపాలి. ఈ మాట ఇంటివాళ్లకు చెప్పేవారే లేరు.

ఇక పరికరాలు. అరచేతికి చుట్టి చెంచా గుచ్చే యూనివర్సల్ కఫ్‌నే తీసుకోండి. దాంతో అన్నం తినగలిగితే "పరికరం పనిచేసింది" అని రాస్తారు. దాన్ని తొడిగింది ఎవరు? భార్య తొడిగితే అది ఆయన సొంతంగా చేసిన పని కాదు. పట్టీ చివర బొటనవేలు దూరేంత రింగు కుట్టించి ఉంటే, పళ్లతోనో రెండో చేత్తోనో తానే లాక్కోగలడు. పళ్లెం జారుతుంటే రెండో చెయ్యి దాన్ని ఆపడానికే పోతుంది. కింద రబ్బరు మ్యాట్ వేస్తే ఆ చెయ్యి విడుదలవుతుంది. రెండు అరచేతుల మధ్య గ్లాసు ఇరికించి తాగే మనిషికి కఫ్ ఉన్నంతసేపూ ఆ గ్లాసు పట్టు దొరకదు. కుర్చీ చక్రం తిప్పాలన్నా విప్పాల్సిందే. అంటే పరికరం ఒక పనికి మేలు చేసి మరో పనికి అడ్డొస్తుంది. ఇది రాయకపోతే కఫ్ మూలపడుతుంది. పట్టీ కింద స్పర్శ ఉండదు. విప్పాక అరగంటైనా ఎరుపు తగ్గకపోతే పుండు మొదలైనట్టే.

మెడ గాయమున్నవారి చేతుల బలం, స్పర్శ, పట్టు కొలవడానికి విదేశాల్లో తయారైన గ్రాస్ప్ పరీక్ష మంచిదే, కానీ అదీ ఒక్కో చేతినే విడిగా కొలుస్తుంది. దాన్ని తెచ్చినా ఈ లోటు తీరదు.

దయచేసి ఒక ఉత్తర్వు ఇవ్వండి. మార్గదర్శకాల్లోని ఆ పనులే ముందు పరికరం లేకుండా, తరవాత పరికరంతో, రెండు చేతులతోనూ చేయించి చూడాలి. ఏ చెయ్యి పట్టింది, ఏది చేసింది, పళ్లు వాడారా, తొడిగిందెవరు, ఎంతసేపు పట్టింది అన్నవి రాయాలి. పరికరం ఇచ్చిన రోజే కాకుండా కొన్ని వారాలు అలవాటయ్యాక మళ్లీ చూడాలి. పరికరంతో తినగలిగినంత మాత్రాన వైకల్య శాతం తగ్గదని రాతపూర్వకంగా చెప్పండి. ఆ హామీ లేకే పింఛను పోతుందన్న భయంతో కఫ్‌ను సంచిలో దాచుకొస్తున్నారు. మెడ గాయమున్నవారికి గాయం కింది భాగంలో చెమట పట్టదు కాబట్టి, ఎండాకాలంలో షామియానా కింద గంటల తరబడి కూర్చోబెట్టకండి. అమలాపురం, భీమవరం, కాకినాడ శిబిరాల్లో రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును ఒక్కొక్కరిని నియమించండి. ఈసారైనా జవాబివ్వండి.

ఇట్లు,
గోదావరి డెల్టాలో వెన్నుపాము గాయాల వారితో పనిచేస్తున్న థెరపిస్టులు